నక్కుంది

నవంబరు 4, మంగళవారం

ఇవాళ్టి నుంచి గుమాస్తాని రాత్రిపూట నేనే తిప్పాలి. కుక్కకి ఆ పేరు పెట్టింది నాన్న. ప్రతి స్తంభం దగ్గరా ఆగి, వాసన చూసి, కాలెత్తి సంతకం పెడితే గానీ ఫైలు ముందుకు కదలనివ్వడు కాబట్టి. నాన్న ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచి వాడు మంచం కింద నుంచి బయటికి రావడం లేదు. ఈడ్చుకుపోయాను.

తిరిగొచ్చేసరికి నాన్న కనుబొమ్మ ఎగరేశాడు, ఏం చూశావని. రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో రాత్రి డ్యూటీలు చేసీ చేసీ ఆయనకి రాత్రి నిద్ర పట్టదు. పక్షవాతం రాకముందు రోజూ గుమాస్తాతో తిరిగొచ్చి గుడ్లగూబ ఇలా చూసింది, కుందేలు అలా దూకింది అని చెబుతుంటే నేను టీవీ చూస్తూ ఊఁ కొట్టేదాన్ని. ఇప్పుడు చెప్పాల్సింది నేను. ఒక పిల్లి, ఇద్దరు మనుషులు అన్నాను. మొహం తిప్పుకున్నాడు. "కళ్ళుండీ..." అన్నాడు, మిగతాది నోట్లోనే ఉండిపోయింది. మిగతాది చిన్నప్పటి నుంచీ వింటున్నదే. కళ్ళుండీ చూడవే.

చూసినవి మర్చిపోకుండా ఇందులో రాసుకుంటాను. ఇంకేమీ రాయను.

నవంబరు 5, బుధవారం

గుడ్లగూబ! ఐస్ ఫ్యాక్టరీ గోడ మీద. మా పెరటి గోడ దాటితే సందు, సందు దాటితే ఆ మూతపడిన ఫ్యాక్టరీ. యంత్రాలన్నీ ఎవరో ఊడబెరుక్కుపోయారు, పాత మోటారు గదీ ఒక నీళ్ళ తొట్టీ మిగిలాయి. గుడ్లగూబ మెడ తిప్పి మమ్మల్ని చూసింది. గుమాస్తా తోక ముడిచాడు. మొరిగే కుక్క కరవదంటారు, వీడు మొరగనూ మొరగడు.

నాన్నకి చెబితే నవ్వాడు. ఒక పక్కే నవ్వు. ఆస్పత్రి తర్వాత ఇదే మొదటిది.

కుడి బుగ్గ జారిపోవడంతో పైపళ్ళ సెట్టు నిలవడం లేదు. తీసి గ్లాసులో వేశాను. అసలే మాట వెతుక్కోవాలి, దొరికిన మాట కూడా బోసినోట్లోంచి జారిపోతోంది. కూతురు ల్యాబ్‌లో ఊరందరికీ పళ్ళు కడుతుంది, ఇంట్లో నాన్నకి పళ్ళు లేవు. ఆదివారం కొలత తీసుకుంటాను.

నవంబరు 7, శుక్రవారం

పక్కింటాయన కారులో నాన్నని ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాం. ఆయన నాన్నని పసిపిల్లాడిలా రెండు చేతులతో ఎత్తి సీట్లో కూర్చోబెడతారు. నేనైతే పక్క మీద ఒత్తిగిలించడానికే ఆయాసపడతాను. ఇలాంటి మనుషులు ఈ రోజుల్లో ఎక్కడుంటారు? నోరెత్తి మాట్లాడరు, చీమకి కూడా దారిచ్చి నడిచే మనిషి. "మీకెందుకక్కా బెంగ, నేను లేనా" అంటారు.

కాలవలోకి ముంగిస దూరింది. తోక మాత్రమే కనిపించింది.

పక్కింట్లో ధబ్బుమని ఏదో పెద్ద చప్పుడు. మంచం జరుపుతున్నట్టున్నారు.

నవంబరు 9, ఆదివారం

కొలత తీయలేదు. ల్యాబ్ పని ఇంటికి తెచ్చుకున్నాను.

మధ్యాహ్నం పక్కింటమ్మాయి వచ్చింది. ఆయన భార్య. పెళ్ళయి వచ్చి ఏడాది కాలేదు. ముందు పన్ను మూల విరిగింది. మెట్ల మీద జారిపడ్డానంది. డాక్టరు దగ్గరికి వద్దట, నన్నే ఏదైనా అతికించమంది. నేను డాక్టర్ని కాదమ్మా, డాక్టరు పంపిన కొలతకి పళ్ళు చేసేదాన్ని అని చెప్పి, ఊరికే నోరు తెరిపించి చూశాను. పన్ను ముందు నుంచి లోపలికి విరిగింది. పడబోయేవాళ్ళు ముందు చేతులు ఆనిస్తారు. అరచేతులు చూశాను, ఎందుకు చూశానో తెలీదు. ఎక్కడా ఒక్క గీరు లేదు. మెట్లు అన్ని రకాలుగానూ ఉంటాయి.

వెళ్తూ నాన్న కాళ్ళ దగ్గర కాసేపు కూర్చుంది. గుమాస్తా వెళ్ళి ఆ పిల్ల ఒళ్ళో తల పెట్టాడు. నా ఒళ్ళో ఏనాడూ పెట్టలేదు, కృతఘ్నుడు.

రాత్రి రెండు గబ్బిలాలు. ఒక కప్ప.

నవంబరు 12, బుధవారం

ఈ రాత్రి గుర్తుండిపోతుంది.

మళ్ళీ పక్కింట్లో మంచం జరిపారు. ఆ తర్వాత కాసేపటికి నాన్న టార్చి వెలిగించాడు. డ్యూటీ రోజుల నాటి సిగ్నల్ టార్చి అది, దిండు కింద ఉంటుంది. మాట సరిగా రాదు కాబట్టి ఎడమ చేత్తో దానితో పిలుస్తాడు. ఆకుపచ్చ అంటే మంచినీళ్ళు, ఎరుపు అంటే ఉన్నపళంగా రా. ఎరుపు వెలిగింది. పరిగెత్తాను. కిటికీ వైపు చూపిస్తూ "నక్కుంది" అన్నాడు.

నక్క ఉంది! ఎక్కడ అన్నాను. చెయ్యెత్తి మోటారు గది చూపించాడు. "నక్కుంది. నక్కుంది."

గుమాస్తాని పట్టుకుని సందులోకి వెళ్ళాను. వీధి దీపం అంతదూరం రాదు. వాడు గొలుసు తెంపుకునేలా లాగాడు, అదీ భయంతో కాదు, తోక ఊపుకుంటూ. నక్కని చూసి తోక ఊపే కుక్క ప్రపంచంలో వీడొక్కడే అయి ఉంటాడు. తలుపు దగ్గర నిలబడితే లోపల ఊపిరి వినిపించింది. ఎవరో పరిగెత్తి వచ్చినట్టు ఊపిరి. బెదరగొట్టకూడదని అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి వచ్చేశాను.

నక్క తోక తొక్కొచ్చినట్టే ఉంది. నాన్నకి చెబితే సంతోషపడతాడనుకున్నాను. తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

నవంబరు 14, శుక్రవారం

కారులో ఉండబట్టలేక నక్క సంగతి చెప్పేశాను. పక్కింటాయన నవ్వారు. ఎక్కడక్కా అన్నారు. మోటారు గదిలో అన్నాను. రోజూ వస్తుందా అన్నారు. రోజూ రాదు, మొన్న బుధవారం వచ్చింది, బాగా రాత్రయ్యాక అన్నాను. సిగ్నల్ పచ్చబడినా కారు కదల్లేదు. వెనకవాళ్ళు హారన్లు మోగించాక కదిలించారు.

వెనక సీట్లో నాన్న నా భుజం మీద గట్టిగా కొట్టాడు. చెయ్యి స్వాధీనంలోకి వస్తోందనుకుంటాను.

నవంబరు 16, ఆదివారం

పగలు నాన్న నోటి కొలత తీశాను. కొలత తీసే ముద్ద నోట్లో పెట్టగానే నా వేలు కొరకబోయాడు, చిగుళ్ళతో. మాటలు లేకపోయినా చిలిపితనం ఉంది.

రాత్రి మళ్ళీ చప్పుడు. ఆ ఇంట్లో మంచానికి ఒక చోటంటూ లేదా?

మళ్ళీ ఎర్ర టార్చి. "నక్కుంది" అన్నాడు. అవును నాన్నా, ఉంది, చూస్తాను అన్నాను. తల అడ్డంగా ఊపాడు. కళ్ళ వెంట నీళ్ళు. ఇంకో మాట కోసం చాలాసేపు పెనుగులాడి, చివరికి "పిల్ల" అన్నాడు.

నక్క పిల్ల! పిల్లలు పెట్టింది కాబోలు, అందుకే అక్కడక్కడే తిరుగుతోంది. నాన్న ఏడ్చింది అందుకన్నమాట. పాలూ రెండు రొట్టె ముక్కలూ గిన్నెలో వేసి మోటారు గది గుమ్మంలో పెట్టాను. గుమాస్తా ఈసారి లోపలికే వెళ్ళబోయాడు. లాక్కొచ్చాను.

నవంబరు 17, సోమవారం

ఉదయం చూస్తే గిన్నె ఖాళీ. మా పెరటి గోడ మీద బోర్లించి ఉంది. కడిగినట్టు కూడా ఉంది.

ఎవరో దారిన పోయేవాళ్ళు తీసి పెట్టి ఉంటారు. నక్క నాకితే గిన్నె అద్దంలా ఉండదా ఏమిటి.

నవంబరు 18, మంగళవారం

సాయంత్రం పక్కింటాయన గుమ్మంలోకి వచ్చారు. పెద్ద టార్చి కొన్నారట, చూపించారు. నక్కలకి పిచ్చి ఉంటుందక్కా, కరిస్తే ఇంజెక్షన్లే ఇంజెక్షన్లు, ఈసారి వచ్చినప్పుడు ఒక్క ఫోను కొట్టండి, మోటారు గదికి బయట గడియ ఉంది, పెట్టేద్దాం, ఆ తర్వాత సంగతి నేను చూసుకుంటాను అన్నారు. పిల్లలున్నాయేమోనండీ అన్నాను. నావైపు అదోలా చూశారు.

"నాన్నగారు రాత్రంతా మేలుకునే ఉంటారా?" అని అడిగారు. అవునన్నాను.

"చలి మొదలైందక్కా. ఆ కిటికీ మూసి ఉంచండి."

ఎంత మెల్లగా అన్నారంటే, మా బాగు కోరే అన్నట్టుంది. మా బాగు కోరే అన్నారు.

సరే, ఫోను చేస్తానన్నాను. శుక్రవారం నాన్నని ఎత్తాల్సింది ఆయనే.

నవంబరు 19, బుధవారం

కిటికీ మూయలేదు.

నవంబరు 20, గురువారం

గోడ అవతల పక్కింటమ్మాయి బట్టలు ఆరేస్తోంది. ఎండలో పొడుగు చేతుల చొక్కా. గిన్నె గురించి అడుగుదామనుకున్నాను. ఎందుకడగాలనిపించిందో అర్థం కాక లోపలికి వచ్చేశాను. నక్క పాలు తాగితే ఆ అమ్మాయికేం సంబంధం.

రాత్రి ఏమీ కనిపించలేదు. సరిగా చూడలేదు.

నవంబరు 21, శుక్రవారం

నాన్న పళ్ళు మైనంలో అమర్చి, నోట్లో పెట్టి సరిచూశాను. రేపు తయారవుతాయి. ఫిజియోథెరపీకి వెళ్ళాం. ఎత్తేటప్పుడు నాన్న ఆయన చొక్కా కాలరు పట్టుకుని వదల్లేదు. నవ్వుతూ వేళ్ళు ఒక్కొక్కటే విడదీశారు. ఇంటికొచ్చి చూస్తే నాన్న చిటికెన వేలు కమిలి ఉంది.

పెద్దవాళ్ళ చర్మం పల్చన.

నవంబరు 23, ఆదివారం, ఇంకా తెల్లవారలేదు

జరిగింది జరిగినట్టు రాయాలి, లేకపోతే రేపటికి నేనే ఇంకోలా చెప్పుకుంటాను.

రాత్రి ల్యాబ్ నుంచి కొత్త సెట్టు తెచ్చాను. నాన్న నోట్లో పెట్టి చూస్తే ఎడమ వైపు ఒత్తుతోంది. తీసి, వంటగదిలో కూర్చుని అరగదీస్తున్నాను. అప్పుడే పక్కింట్లో చప్పుడు. ఆ తర్వాత తలుపు. ఎర్ర టార్చి వెలిగింది. వెళ్ళాను. "నక్కుంది" అన్నాడు నాన్న, బోసినోటితో.

నా ఫోను మోగింది. పక్కింటాయన. "అక్కా, నక్క వచ్చిందా?" అని మెల్లగా అడిగారు.

"వచ్చినట్టుంది, నాన్న అంటున్నాడు" అన్నాను.

అన్నాను. ఈ నోటితోనే.

ఫోను పెట్టేసి, నాన్న ఊరుకుంటాడని సెట్టు కడిగి నోట్లో పెట్టాను. అతుక్కుంది. నాన్న పెదాలు మూసి, తెరిచి, నాలుకతో పళ్ళు తడిమి చూసుకున్నాడు. తర్వాత ఒక్కొక్క అక్షరం విడదీసి, చెవిటిదానికి చెప్పినట్టు చెప్పాడు.

"నక్క కాదే. నక్కి. నక్కి ఉంది. ఆ పిల్ల."

ఎప్పుడు చెప్పులు వేసుకున్నానో, వేసుకున్నానో లేదో కూడా గుర్తు లేదు. గుమాస్తా నాకన్నా ముందే గోడ దూకాడు. మోటారు గదిలో నా ఫోను వెలుతురు వేస్తే నీళ్ళ తొట్టికీ గోడకీ మధ్య మోకాళ్ళు ముడుచుకుని ఉంది పక్కింటమ్మాయి. గుమాస్తా వెళ్ళి ఒళ్ళో తల పెట్టాడు. పెదవి చిట్లింది. చెయ్యి పట్టి లాగాను. "అక్కా, కాలు" అంది. చీలమండ బూరెలా పొంగింది. నడవలేదు. సందు చివర పెద్ద టార్చి వెలుతురు ఊగుతూ వస్తోంది.

ఏం చెయ్యాలో తోచలేదు. బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసి, గుమ్మం మీద చతికిలబడ్డాను. అంతకన్నా తెలివైన ఆలోచన రాలేదు.

అతను వచ్చి నా మొహం మీద టార్చి వేశాడు. రెండో చేతిలో కారు చక్రాలు విప్పే ఇనుప కడ్డీ ఉంది.

"లోపలుందా అక్కా?"

"ఉంది. దగ్గరికి రావద్దు. పిచ్చిదండీ, నోట్లోంచి నురగ కారుతోంది. కరిస్తే ఇంజెక్షన్లని మీరే అన్నారుగా." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అతను నవ్వాడు, కారులో నవ్వినట్టే.

"అది నక్క కాదని నీకు తెలుసు, నాకూ తెలుసు. లే."

నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. లేవలేదు. అతను వంగి, మా నాన్నతో మాట్లాడేటంత నెమ్మదిగా అన్నాడు.

"శుక్రవారం నాన్నగారిని ఎవరెత్తుతారక్కా?"

నిజం చెప్పాలి, ఒక్క క్షణం ఆలోచించాను. ఆ క్షణంలో కారు కనిపించింది, ఆస్పత్రి మెట్లు కనిపించాయి, నా నడుము నొప్పి కూడా కనిపించింది. లోపల ఆ పిల్ల ఊపిరి బిగబట్టింది. నేనేం జవాబిస్తానోనని వింటోంది.

"నేనే ఎత్తుకుంటాను. పడితే ఇద్దరం పడతాం. నువ్వు వెళ్ళు" అన్నాను.

అతను కడ్డీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. అంతలో అతని మొహం ఎర్రగా అయింది. తెల్ల చొక్కా కూడా ఎర్రగా అయింది. మా కిటికీలోంచి సిగ్నల్ టార్చి తిన్నగా అతని మీదే పడుతోంది. దాని వెనక నాన్న గొంతు, మా చిన్నప్పుడు క్యాబిన్ మీద నుంచి కింద లైన్‌మన్లని కేకేసే గొంతు.

"ఒరేయ్ పక్కింటోడా. చూస్తున్నానురా. అన్ని రాత్రులూ చూశాను."

ఒక్క అక్షరం పొల్లుపోలేదు. మళ్ళీ అరిచాడు. మళ్ళీ. ఎదురు మేడలో లైటు వెలిగింది. దాని పక్కింట్లో వెలిగింది. ఎవరో కిటికీ తెరిచి ఏమైందని అడిగారు. అప్పుడు, ఏనాడూ మొరగని గుమాస్తా లోపలి నుంచి మొరగడం మొదలుపెట్టాడు. పిరికివాడికి తోడు దొరికితే చాలు.

అతను టార్చి ఆర్పేశాడు. "చలిలో కూర్చోకండక్కా" అని మర్యాదగా చెప్పి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఆ మర్యాదకి వచ్చినంత వణుకు కడ్డీని చూస్తే రాలేదు.

ఎదురు మేడ ఆవిడా నేనూ చెరో పక్క పట్టుకుని ఆ పిల్లని మా ఇంటికి తెచ్చాం. నాన్న పళ్ళు నోట్లోంచి తీయనివ్వడం లేదు. పెట్టుకునే పడుకున్నాడు.

నవంబరు 23, ఆదివారం, రాత్రి

వాడు పొద్దున కారు కడుక్కున్నాడు. ఎప్పటిలాగే. వీధిలో వాళ్ళకి నమస్కారాలు పెట్టాడు. సగం మంది తిరిగి పెట్టారు, సగం మంది పెట్టలేదు. నిన్నటిదాకా అందరికన్నా వంగి పెట్టింది నేను.

ఆ పిల్ల ఎముక విరగలేదని డాక్టరు చెప్పాడు. వాళ్ళన్నయ్యకి ఫోను చేసింది, వచ్చే ఆదివారం వస్తాడట. పోలీసుల దగ్గరికి వెళ్దామా అంటే రేపు చెబుతానంది. రేపు అడుగుతాను. గిన్నె ఎందుకు కడిగావని అడిగాను. "ఎంగిలి గిన్నె ఎలా పెట్టనక్కా" అంది. పైగా, నాకు తెలిసే పాలు పెట్టాననుకుందట. పక్కింటక్కకి తెలుసు, ఏదో ఒకటి చేస్తుంది అని ధైర్యంగా ఉందట. టీ పెట్టొస్తానని లేచి వెళ్ళి వంటగదిలో నిలబడ్డాను.

గుమాస్తాని తిప్పలేదు. గుమ్మం దగ్గర పడుకోబెట్టాను. పెరటి గోడ మీద ఏదో కదిలితే ఇద్దరం ఉలిక్కిపడ్డాం. పిల్లి.

ఆ పిల్లకి నా గదిలోనే పక్క వేద్దామని, చోటు కోసం నా మంచాన్ని గోడ వైపుకి జరిపాను. కీచుమని, బరబరమని సన్నగా ఈడ్చిన చప్పుడు. ఇంకోసారి జరిపాను. మళ్ళీ అదే. ఆ పిల్ల గుమ్మంలో కుంటికాలి మీద నిలబడి చూస్తోంది. ఏంటక్కా, అక్కడే బాగుంది కదా అంది. ఏం లేదమ్మా, వింటున్నాను అన్నాను.

మంచం జరిపితే ఇలా ఉంటుంది.